పుట్టిల్లే విమానమెక్కితే...

పూర్వం తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వచ్చేది. మంచిరోజు చూసి, చలిమిడి పెట్టి, తల్లి వెళ్లి తీసుకొచ్చేది. ఇప్పుడు పిల్ల రావడం లేదు. పుట్టిల్లే విమానమెక్కి పిల్ల దగ్గరికి వెళుతోంది! మా వీధిలో పదిహేనిళ్లుంటే, అందులో ఆరిళ్లవాళ్లు అమెరికా వెళ్లొచ్చినవాళ్లే. మొదటి ఆర్నెల్లు అమ్మమ్మ, ఆ తరువాత ఆర్నెల్లు నాయనమ్మ. ఫ్యాక్టరీలో షిఫ్టులు మారినట్టు ఒకరు దిగితే ఒకరు ఎక్కుతున్నారు.

వీళ్లలో చాలామంది అంతకుముందు తిరుపతి, కాశీ తప్ప మరో ఊరు ఒంటరిగా వెళ్లి ఎరగనివాళ్లు. బ్యాంకుకి వెళ్లాలన్నా ఆయనో, కొడుకో తోడుండాల్సిందే. అలాంటివాళ్లు ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి, భాష రాని దేశంలో దిగి, మర్నాటినుంచే బాలింతకి పథ్యం వండిపెడుతున్నారంటే ఆ ధైర్యానికి నమస్కారం పెట్టాల్సిందే.

మా చెల్లెలి పురుటికి అమ్మతోపాటు నేనూ వెళ్లి ఆరు వారాలున్నాను. అమ్మ ఆర్నెల్లూ ఉండి వచ్చింది. అది మొదలు, ప్రయాణం పెట్టుకున్నవాళ్లెవరైనా మా ఇంటికొచ్చి, "ఏం తీసుకెళ్లాలమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. అందరూ అడిగేది సూట్‌కేసు గురించే. ఎవరూ అడగని సంగతులే అక్కడికెళ్లాక ఎక్కువ ఇబ్బంది పెడతాయి. అందుకే అన్నీ ఒకచోట రాయాలనిపించింది.

వీసా వేరు, గడువు వేరు

ఒకప్పుడు అమెరికా వీసా అంటే మనవాళ్లు మద్రాసు వెళ్లి లైన్లో నిలబడాల్సి వచ్చేది. 2008 అక్టోబరులో హైదరాబాదులో కాన్సులేట్ తెరిచాక ఆ బాధ తప్పింది. 2023 నుంచి అది నానక్‌రామ్‌గూడలోని సొంత భవనంలో నడుస్తోంది. ఇంటర్వ్యూకి తెలుగులో మాట్లాడతానని చెప్పుకోవచ్చు. రాని ఇంగ్లీషుతో తడబడేకంటే వచ్చిన తెలుగులో సూటిగా చెప్పడమే మేలు. ఉన్నమాటే చెప్పాలి, అడిగినంతే చెప్పాలి.

మన తల్లిదండ్రులకు ఇచ్చే సందర్శకుల వీసా చాలావరకు పదేళ్లకి ఉంటుంది. "పదేళ్ల వీసా వచ్చింది, ఇంకేం" అని సంబరపడిపోతాం. కానీ ఆ పదేళ్లు అక్కడ ఉండడానికి కాదు, ఆ పదేళ్లలో ఎప్పుడైనా వెళ్లి తలుపు తట్టడానికి. ఎన్నాళ్లుండొచ్చన్నది అక్కడి విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తారు. మామూలుగా ఆర్నెల్లు ఇస్తారు. దాన్ని ఐ-94 రికార్డు అంటారు. ఇప్పుడది కంప్యూటర్లో ఉంటుంది. దిగిన రెండు మూడు రోజుల్లోనే అమ్మాయితోనో అల్లుడితోనో ఆ రికార్డు తీయించి, తేదీ చూసుకుని, కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఆ తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా వీసా చెల్లకుండా పోతుంది. ఇంకొన్నాళ్లు ఉండక తప్పని పరిస్థితి వస్తే, గడువు ముగియకముందే పొడిగింపుకి దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. ఈ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ డబ్బు తీసుకుని ఏ పనీ చేయకూడదు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు, "ఆంటీ, మా పాపని కూడా చూడండి, నెలకింత ఇస్తాం" అనో, "మీ చేతి పచ్చళ్లు బావున్నాయి, అమ్మండి" అనో అడుగుతారు. అభిమానంగా ఓ సీసా ఇవ్వండి, డబ్బు మాత్రం ముట్టుకోకండి. అది చట్టానికి విరుద్ధం. మళ్లీ మనవణ్ణి చూడ్డానికి వెళ్లే దారి మూసుకుపోతుంది.

సూట్‌కేసులో ఏముండాలి, ఏముండకూడదు

పిల్లకి ఇష్టమని ఊరంతా మోసుకెళ్లాలనిపిస్తుంది ఏ తల్లికైనా. కానీ అక్కడ వ్యవసాయ శాఖవాళ్లు మహా గట్టివాళ్లు. పెట్టెల దగ్గర వాసన పట్టే కుక్కలు కూడా తిరుగుతుంటాయి.

మాంసంతో చేసినవేవీ తీసుకెళ్లకూడదు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి ఎంత బాగా కుదిరినా ఇక్కడే వదిలేయాలి. తాజా పళ్లు, కూరగాయలు పనికిరావు. మామిడిపళ్లు కూడా అంతే. మన మామిడిపళ్లని అమెరికా 2007 నుంచి రానిస్తోందిగానీ, అవి ప్రత్యేకంగా శుద్ధిచేసి వ్యాపారానికి పంపేవి. మన సంచిలో పట్టుకెళ్లేవి కావు. బియ్యం కూడా వద్దు. ధాన్యాన్ని తినేసే ఒక పురుగు వెంట వస్తుందని వాళ్ల భయం. పచ్చి కరివేపాకు మాటే ఎత్తకండి. దానిమీద బతికే పురుగు నిమ్మ, నారింజ తోటలకి తెగులు అంటిస్తుంది. ఫ్లోరిడా రైతులు ఆ తెగులుతో ఎంతో నష్టపోయారు. మనకి రెండు రెబ్బలే. వాళ్లకి అది తోటల బతుకు.

బాలింత కారప్పొడి కోసమని ఎండుకొబ్బరి చిప్పలు సర్దుతారు. నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకునే వస్తువుగా లెక్కగట్టి విమానంలోకి ఒప్పుకోరు. కారప్పొడి ఇంట్లోనే కొట్టి, మూటగట్టి పెట్టుకోండి. గసగసాలతో మరో చిక్కుంది. మనకది వంటింటి దినుసు. దుబాయిలోనూ, సింగపూరులోనూ అది నిషేధించిన వస్తువు. ఆ దారిలో విమానం మారేవాళ్లు గసగసాల జోలికి పోకపోవడమే క్షేమం.

మరి ఏవి తీసుకెళ్లొచ్చు? ఆవకాయ, గోంగూర, చింతకాయ పచ్చళ్లు, శొంఠిపొడి, వాము, జంతికలు, అరిసెలు... ఇవన్నీ మనవాళ్లు తీసుకెళ్తూనే ఉన్నారు. సీలు వేసిన ప్యాకెట్లయితే మంచిది. పచ్చళ్లూ, పొడులూ చేతి సంచిలో కాకుండా పెద్ద పెట్టెలోనే పెట్టాలి. ఒక్కొక్క ప్యాకెట్ మీద అదేమిటో ఇంగ్లీషులో చీటీ అంటించండి. అన్నిటికంటే ముఖ్యం, "తినేవి ఏమైనా ఉన్నాయా?" అని అధికారి అడిగినప్పుడు, "ఉన్నాయి" అని చెప్పడం. చెప్పినందుకు జరిమానా ఉండదు. పనికిరానిదేదైనా ఉంటే తీసి పారేస్తారు, అంతే. లేవని చెప్పి దొరికిపోతేనే జరిమానా. నిజానికి కందిపప్పు, మినప్పప్పు, కరివేపాకు, దోసకాయతో సహా అన్నీ అక్కడి ఇండియా కొట్లలో దొరుకుతున్నాయి. పెద్ద ఊళ్లలో అయితే పూతరేకులు కూడా అమ్ముతున్నారు.

మిక్సీ తీసుకెళ్లాలని చూడకండి. మన కరెంటు 230 వోల్టులు, అక్కడిది 120. మన మిక్సీ అక్కడ మూలుగుతుందేగానీ తిరగదు. సెల్‌ఫోను ఛార్జరు పనిచేస్తుందిగానీ, ప్లగ్గు పిన్నులు వేరు. దానికి చిన్న అడాప్టరు చాలు. వీటన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది, ప్లాస్టిక్ మగ్గు! అక్కడి బాత్‌రూముల్లో అది ఉండదు. నవ్వకండి, వెళ్లొచ్చినవాళ్లనెవర్నయినా అడగండి.

మందులు, బీమా వాయిదా వేయొద్దు

చీరలకి మ్యాచింగ్ జాకెట్లు కుట్టించడానికి నెల రోజులు తిరుగుతాం. ఆరోగ్య బీమా దగ్గరికొచ్చేసరికి, "మనకేం అవుతుందిలే" అనుకుంటాం. అమెరికాలో వైద్యం ఎంత గొప్పదో అంత ఖరీదైనది. సందర్శకులకి ప్రభుత్వ వైద్యం వర్తించదు. అమ్మాయి ఆఫీసు బీమాలో తల్లిదండ్రులని చేర్చుకోవడం కూడా మామూలుగా కుదరదు. మాకు తెలిసినావిడ అక్కడ మెట్లమీద జారిపడితే కాలి ఎముక చిట్లింది. కట్టుకట్టి ఇంటికి పంపేశారు. తరువాత ఒక్కటొక్కటే బిల్లులు రావడం మొదలెట్టాయి. ఆస్పత్రిది ఒకటి, చూసిన డాక్టరుది ఒకటి, ఎక్స్‌రే చదివినాయనది మరొకటి. బీమా ఉండబట్టి ఆవిడ తేలిగ్గా బయటపడింది. లేకపోతే కూతురు దాచుకున్న సొమ్మంతా ఆ కాలికే పోయేది.

బీమాలో రెండు రకాలున్నాయి. ఒకటి, ఫలానా చికిత్సకి ఇంత అని ముందే గిరిగీసి ఇచ్చేది. ఇది చవక. కానీ ఆ ఇచ్చేదానికీ అసలు బిల్లుకీ పొంతన ఉండదు. రెండోది, ముందుగా మనం కొంత కట్టుకుంటే మిగతా ఖర్చులో ఎక్కువ భాగం భరించేది. ఖరీదు ఎక్కువైనా ఇదే నయం. కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు, గుండెజబ్బు వల్ల ఏదైనా వస్తే ఇస్తారా? నా వయసుకి ఎంతవరకు ఇస్తారు? మొదట నేను కట్టాల్సింది ఎంత? పాత జబ్బులని చాలా పాలసీలు వదిలేస్తాయి. కొన్ని మాత్రం హఠాత్తుగా ముదిరితే కొంతమేరకు ఇస్తాయి. ఆ షరతులు అమ్మాయి చేత చదివించి తెలుగులో చెప్పించుకోండి.

పళ్లూ, కళ్లూ ఇక్కడే చూపించుకుని వెళ్లండి. అవి మామూలుగా ఈ బీమాల్లోకి రావు. రెండో జత కళ్లజోడు పెట్టుకోండి. మన డాక్టరు చీటీ అక్కడి మందుల షాపులో చెల్లదు. అందుకని రోజూ వేసుకునే మందులు కంపెనీ ప్యాకింగుతోనే, డాక్టరు ఉత్తరంతో సహా తీసుకెళ్లాలి. మాత్రలన్నీ ఒక డబ్బాలో కలిపి పోసుకోవద్దు. సాధారణంగా మూడు నెలలకి సరిపడా అన్నది అక్కడివాళ్ల లెక్క. ఆర్నెల్లు ఉండేవాళ్లు మిగతా మూడు నెలల సంగతి ఇక్కడి డాక్టరుతోనూ, అక్కడి అమ్మాయితోనూ ముందే మాట్లాడుకోవాలి. ఉత్తరంలో కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు రాయించండి. వారానికి సరిపడా మందులు, ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. పెట్టె రాకపోయినా మనం బతకాలి కదా!

అక్కడ ఒంట్లో బాగోలేకపోతే ప్రతిదానికీ పెద్దాస్పత్రికి పరుగెత్తరు. జ్వరం, బెణుకు లాంటివాటికి అర్జెంట్ కేర్ అని చిన్న క్లినిక్‌లుంటాయి. వాటి ఖర్చు చాలా తక్కువ. గుండెనొప్పి, స్పృహ తప్పడం వంటివైతే మాత్రం ఆలోచించకుండా ఎమర్జెన్సీకే వెళ్లాలి. డబ్బుందా లేదా అన్నది పక్కనపెట్టి, ముందు పరీక్షించి ప్రాణాపాయం తప్పించి తీరాలని అక్కడ 1986 నుంచీ చట్టముంది.

విమానాశ్రయంలో

టికెట్టు కొన్నప్పుడే చక్రాల కుర్చీ కావాలని చెప్పండి. "నాకేం, నడవగలను" అని మొహమాటపడొద్దు. నడవలేక కాదు, దారి తెలియక. దానికి డబ్బు తీసుకోరు. తోసుకెళ్లే మనిషే విమానం మారేచోట సరైన గేటు దగ్గర దింపుతాడు. అమెరికాలో అతని చేతిలో కొద్దిగా పెట్టడం మర్యాద.

ఒక కాగితం మీద అమ్మాయి ఇంటి అడ్రసు, ఇద్దరి ఫోను నెంబర్లు, విమానాల నెంబర్లు, మీకు తెలుగు మాత్రమే వచ్చన్న సంగతి ఇంగ్లీషులో రాయించి పెట్టుకోండి. ఫోనులో ఉందిలే అనుకుంటే, ఫోను చార్జింగు అయిపోయేది సరిగ్గా అప్పుడే. అమెరికాలో మరో విమానం ఎక్కాల్సి ఉంటే, చాలావరకు మొదట దిగిన ఊళ్లోనే మీ పెట్టెలు తీసుకుని, తనిఖీ అయ్యాక మళ్లీ అప్పగించాలి. ఈ సంగతి తెలియక పెట్టెలు వదిలేసి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది.

ఇంట్లో అడుగుపెట్టాక

అక్కడి ఇళ్లు ఎక్కువ భాగం చెక్కతో కట్టినవి. అందుకే ప్రతి ఇంట్లో పొగ వస్తే మోగే గంట బిగిస్తారు. మన ఎండుమిరపకాయల పోపుకి, సాంబ్రాణి ధూపానికి, దీపారాధనకి అది లబలబలాడిపోతుంది. అపార్టుమెంట్లలో అయితే ఒక్కోసారి ఫైరింజను కూడా వచ్చేస్తుంది! పోపు వేసేముందు పొగ లాగే ఫ్యాను పెట్టండి, కిటికీ తీయండి. విసుగొచ్చి ఆ గంటకున్న బ్యాటరీ మాత్రం పీకకండి. రాత్రి నిద్రలో మంట రేగితే లేపేది అదే.

బాత్‌రూములో నీళ్లు పోయే తూము తొట్టెలోనే ఉంటుంది, నేలమీద ఉండదు. మనలాగా గచ్చంతా కడిగేస్తే నీళ్లు కింది అంతస్తులోకి కారతాయి. స్నానం చేసేటప్పుడు తెర అంచు తొట్టె లోపలికి ఉండాలి. తొట్టె జారుతుంది కాబట్టి రబ్బరు చాప వేయించుకోండి. వంటింటి తొట్టెలో చెత్తని నలిపేసే మిషను ఉంటుంది. అన్నం, పీచు, నూనె అందులో వేస్తే బిగుసుకుపోతుంది. బట్టలు బయట దండెం మీద ఆరేయడానికి చాలా కాలనీల్లో ఒప్పుకోరు. పట్టుచీర ఆరేయాలంటే గదిలోనే ఆరేసుకోవాలి. చెత్తబండి వారంలో ఫలానా రోజే వస్తుంది. ఏ డబ్బాలో ఏది వేయాలో లెక్కుంటుంది.

పసిబిడ్డ దగ్గర

అసలు చిక్కంతా ఇక్కడుంది. మనం ముగ్గురు పిల్లల్ని పెంచిన అనుభవంతో వెళ్తాం. అక్కడ పిల్లల డాక్టరు మాటే వేదం. పురిటాలు అలా బిడ్డని కన్నదో లేదో, ఐసు ముక్కలేసిన నీళ్లిస్తారు! చూస్తున్న తల్లికి గుండె ఆగినంత పనవుతుంది. అల్లుడు కాన్పు గదిలోనే ఉంటాడు. మామూలు కాన్పయితే రెండో రోజుకి ఇంటికి పంపేస్తారు. బీమా కంపెనీలు మామూలు కాన్పుకి కనీసం 48 గంటలు, ఆపరేషనయితే 96 గంటలు ఆస్పత్రి ఖర్చు ఇవ్వాలని 1996లో చట్టం చేయాల్సి వచ్చిందంటే అంతకుముందు ఇంకెంత తొందరపెట్టేవారో ఊహించుకోండి.

ఆస్పత్రినుంచి బిడ్డని ఒళ్లో పెట్టుకుని రావడానికి వీల్లేదు. కారులో బిడ్డకి ప్రత్యేకమైన సీటు ఉండాలి, అది వెనకవైపుకి తిరిగి ఉండాలి. దారిలో ఎంత ఏడ్చినా తీసి ఎత్తుకోకూడదు. మరీ ఏడిస్తే కారు పక్కన ఆపించండి.

బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలంటారు. తలకింద ఆవాల దిండు, చుట్టూ బొంతలు, మెత్తలు వద్దంటారు. ఇది వాళ్ల చాదస్తం కాదు. నిద్రలోనే పసిపిల్లలు చనిపోవడం ఎక్కువగా ఉండేదని, 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం చేశారు. ఆ తరువాత ఆ మరణాలు బాగా తగ్గాయి. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దంటారు. పసివాళ్ల పేగుల్లో విషం పుట్టించే సూక్ష్మజీవి తేనెలో ఉండే అవకాశముంది కాబట్టి. కొన్నిరకాల కాటుకల్లో సీసం ఉంటుంది. అందుకని కంటికి కాటుక వద్దంటారు.

"మేం పెంచలేదా? మీరు బతకలేదా?" అన్న మాట మన నాలుక చివరిదాకా వస్తుంది. ఆ మాట అక్కడే ఆపగలిగితే ఆర్నెల్లూ సుఖంగా గడుస్తాయి. అటు డాక్టరు చెప్పిందీ, ఇటు తల్లి చెప్పిందీ మధ్య నలిగిపోయేది బాలింతే. మనం వదులుకోనక్కర్లేనివి బోలెడున్నాయి. నూనె రాసి కాళ్లమీద వేసుకుని నీళ్లు పోయడం, లాలిపాట, వేడివేడి మిరియాల చారు, రాత్రి రెండింటికి బిడ్డనెత్తుకుని "నువ్వు పడుకోమ్మా" అనడం. వీటిని ఏ డాక్టరూ కాదనడు. నీళ్లు పోయడం కూడా బొడ్డు ఊడాకే మొదలెట్టమంటారు, అంతే తేడా.

కాస్త ఎదిగిన మనవలుంటే మరో జాగ్రత్త. కారులో పిల్లని వదిలి "ఒక్క నిమిషం" అని దిగడం అక్కడ చాలాచోట్ల నేరం కిందికి రావచ్చు. నలుగురిలో చేయిచేసుకోవడం కూడా వద్దు. ఎవరైనా చూస్తే పోలీసులకి కబురు పెడతారు. పక్కింటి పిల్లలు ఎంత ముద్దొచ్చినా బుగ్గలు పుణకడం, అడక్కుండా తినేవి చేతిలో పెట్టడం చేయకండి. వేరుశనగ, జీడిపప్పు పడని పిల్లలుంటారు. ఒక్క పలుకు తింటే ప్రాణం మీదికొస్తుంది.

వీధిలో, బజారులో

అక్కడ బళ్లు కుడివైపున నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు మనకి అలవాటుగా మెడ కుడికి తిరుగుతుంది. అక్కడ ముందు ఎడమవైపు చూడాలి. సిగ్నలు దగ్గర స్తంభానికున్న బొత్తాం నొక్కి, మనిషి బొమ్మ వెలిగేదాకా ఆగాలి.

ఎదురొచ్చిన ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా నవ్వి, "హౌ ఆర్ యూ?" అంటారు. మన బీపీ సంగతి చెప్పడం మొదలెట్టొద్దు. అది మన "బావున్నారా?" కంటే కూడా తేలికైన పలకరింపు. నవ్వి, "గుడ్, థాంక్యూ" అంటే చాలు. లైన్లో ముందువాళ్లకి ఆనుకుని నిలబడరు, చేయిచాచినంత దూరం వదులుతారు. తలుపు తోసుకుని వెళ్లేటప్పుడు వెనకొచ్చేవాళ్లకోసం పట్టుకుంటారు. జీతమెంత, పెళ్లయిందా, పిల్లలెందుకు లేరు, ఇవి అడక్కూడని ప్రశ్నలు. ఆ మాటకొస్తే ఇక్కడా అడక్కపోతే బాగుండును!

కొట్లో రాసిన ధర ఒకటి, కౌంటరు దగ్గర కట్టేది మరొకటి. చాలా రాష్ట్రాల్లో పన్ను చివర్లో కలుపుతారు. మోసం అనుకోకండి. హోటల్లో కూర్చుని తింటే బిల్లుమీద నూటికి పదిహేను నుంచి ఇరవై దాకా వడ్డించినవాళ్లకి ఇవ్వాలి. వాళ్ల జీతమే తక్కువ, ఇదే వాళ్ల ఆదాయం. కొన్న వస్తువు నచ్చకపోతే బిల్లు చూపించి తిరిగి ఇచ్చేయొచ్చు. అలాగని చీటీలు చింపకుండా వాడుకుని ఇచ్చేవాళ్లూ ఉన్నారు మనలో. ఆ పని వద్దు, మనల్ని చూసి మన దేశాన్ని కొలుస్తారు.

ఏ ఆపదకైనా ఫోను నెంబరు 911. పోలీసులు, అంబులెన్సు, ఫైరింజను అన్నిటికీ అదే. భాష రాకపోతే "తెలుగు" అనండి, దుబాసీని కలిపే ఏర్పాటుంది. ఇండియాకి చేసేటప్పుడు 011, తరువాత 91 కొట్టాలి. ముందున్న సున్నా వదిలేసి ఏదో నొక్కితే పొరపాటున 911కి పోవచ్చు. అలా పోతే భయపడి పెట్టేయకండి. పొరపాటున వచ్చిందని చెప్పండి. పెట్టేస్తే ఏమైందోనని ఇంటికే వచ్చేస్తారు.

తోచకపోతే...

వెళ్లొచ్చినవాళ్లు ఫోటోలు చూపిస్తారు, నయాగరా చూపిస్తారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా సంగతి చెప్పరు. పిల్లకి సెలవైపోయి ఆఫీసుకెళ్తుంది. అల్లుడు పొద్దున్నే వెళ్లిపోతాడు. వీధిలో మనిషి కనపడడు, కూరలబండి కేక వినపడదు. కారు నడపడం రాకపోతే కొట్టుకి కూడా వెళ్లలేం. చలికాలమైతే నాలుగున్నరకే చీకటి. ఇండియాకి ఫోను చేద్దామంటే ఇక్కడ అర్ధరాత్రి. తూర్పు తీరంలో ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర గంటలు తేడా. ఏడాదికి రెండుసార్లు గడియారాలు గంట ముందుకీ వెనక్కీ తిప్పుతారు. మా అమ్మ ఆ కిటికీలోంచి ఉడతల్ని చూస్తూ వాటికి పేర్లు కూడా పెట్టింది.

దీనికి మందు ముందే ఆలోచించుకోవాలి. వీలైతే వసంతంలోనో వేసవిలోనో ఉండేలా ప్రయాణం పెట్టుకోండి. దగ్గర్లో గ్రంథాలయం ఉందేమో కనుక్కోండి. ఎవరైనా ఊరికే వెళ్లి కూర్చోవచ్చు. పెద్దవాళ్లకి ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే తరగతులు చాలాచోట్ల ఉచితంగా పెడతారు. సాయంత్రం పార్కు బెంచీ మీద కూర్చుంటే మనలాంటి అమ్మమ్మ ఒకావిడ చైనా నుంచో, గుజరాత్ నుంచో వచ్చి కూర్చుంటుంది. భాష కలవకపోయినా చంటిపిల్లలబండ్లు కలుస్తాయి. ఆదివారం గుడి ఉండనే ఉంది. అల్లిక, కుట్టు, పుస్తకాలు, రామకోటి, ఏదో ఒకటి మీది అన్నది వెంట పట్టుకెళ్లండి.

వెళ్లేముందు ఒక మాట

అన్నిటికంటే పెద్ద సంగతి చివర రాస్తున్నాను. టికెట్టు కొనేముందే అమ్మాయితో కూర్చుని మాట్లాడుకోండి. ఎన్నాళ్లు ఉండాలి? ఇక్కడ నాన్నగారు ఒంటరిగా ఎలా ఉంటారు? వంట ఎవరిది, రాత్రి మేలుకోవడం ఎవరిది? మీకు ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు? "అమ్మని ఇవన్నీ అడగడమేమిటి" అని పిల్లలు అనుకుంటారు. "పిల్లని ఇవన్నీ అడగడమేమిటి" అని అమ్మ అనుకుంటుంది. ఎవరూ అడగరు. అరవై దాటిన మనిషి మోకాళ్ల నొప్పులతో పొద్దున్న ఐదింటినుంచి రాత్రి పదకొండింటిదాకా నిలబడే ఉంటుంది. అక్కడ పనిమనిషి లేదు కాబట్టి అమ్మ వెళ్తోందా? అమ్మ కావాలి కాబట్టి వెళ్తోందా? ఈ రెండిటికీ తేడా పిల్లలకి తెలియాలి. తెలియకపోతే మనమే నోరు తెరిచి చెప్పాలి. చేతిలో మీ సొంత డాలర్లు కొన్ని ఉంచుకోండి. మనవడికి బొమ్మ కొనడానికి అల్లుడి పర్సు వంక చూడక్కర్లేకుండా.

కూతుళ్లకీ ఒక మాట. అమ్మ వచ్చిన మర్నాడే వంటింటి తాళాలు అప్పగించేయకండి. నాలుగు రోజులు నిద్ర తీరనివ్వండి. వారానికొక్కసారైనా బయటికి తీసుకెళ్లండి, కూరల కొట్టుకైనా సరే. ఇంటి అడ్రసు, మీ నెంబరు ఆవిడ చేత నోటికి పలికించండి. తాళం చెవి ఒకటి ఆవిడ దగ్గర ఉంచండి. ఆవిడకి ఒంట్లో బాగోలేదంటే, "ఇండియా వెళ్లాక చూపించుకుందువుగాని" అనకండి.

ఇన్ని చదివాక "అమ్మో, వెళ్లకపోతేనే నయం" అనిపిస్తోందా? అలా అనుకోకండి. ఏడు సముద్రాల అవతల, పచ్చి బాలింతరాలు తలుపు తీసి "అమ్మా!" అంటే, సంచిలో ఏమి తెచ్చామో, ఏమి వదిలేశామో ఒక్కటీ గుర్తుండదు. బీమా కాగితం, మందుల చీటీ, మగ్గు... ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకుని, క్షేమంగా వెళ్లి లాభంగా రండి.